సారు పైపు, నా నాలుక

మా సారు దినకర్మలు అయిపోయిన మర్నాడు వాళ్ళ తమ్ముడుగారు వచ్చి ఆఫీసు ఖాళీ చేయించారు.

సారు వకీలు. నేను ఆయన దగ్గర ఇరవై రెండేళ్ళు స్టెనోగా పనిచేశాను. విజయవాడ కోర్టుకి దగ్గర్లో ఒక పాత మేడ మీద రెండు గదులు ఆయన ఆఫీసు. ముందు గదిలో క్లయింట్లు కూర్చునేవారు. లోపలి గదిలో ఆయనా, నేనూ, గోడల నిండా పుస్తకాలూ. ఆయన పైపు కాలుస్తూ డిక్టేషన్ చెప్పేవారు, నేను షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని టైపు చేసేదాన్ని. పని అయిపోతే "ఇక వెళ్ళిరామ్మా" అనేవారు. అంతకు మించి మా మధ్య మాటలు లేవు. ఉండాలని నేనూ అనుకోలేదు. అనుకోలేదనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

పుస్తకాలు ఒక జూనియర్ వకీలు పట్టుకెళ్ళాడు. కుర్చీలూ బీరువాలూ ట్రాలీ ఆటో ఎక్కాయి. చివర్న బల్ల సొరుగులు దులుపుతుంటే పైపూ, రేకు డబ్బాలో అడుగున మిగిలిన కాస్త పొగాకూ బయటపడ్డాయి.

"ఈ గొట్టం ఎవరిక్కావాలి? చెత్తలో పడెయ్యండి" అన్నారు తమ్ముడుగారు.

"నేను పడేస్తాలెండి" అని రెంటినీ హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను.

నా ఫ్లాటు పటమటలో, మూడో అంతస్తు. ఒక పడగ్గది, ఒక హాలు, వంటింటి వెనక బట్టలారేసుకునే చిన్న బాల్కనీ. నాకు పెళ్ళి కాలేదు. కాకపోవడానికి పెద్ద కథేం లేదు. రెండు మూడు సంబంధాలు తప్పిపోయాయి, తర్వాత అడిగేవాళ్ళు తగ్గారు, ఆ తర్వాత ఎవరైనా అడిగితే నేనే నవ్వేసేదాన్ని. సారు పోయాక ఒక ఆడిటరు గారి ఆఫీసులో పని దొరికింది. అక్కడ డిక్టేషన్ ఎవరూ ఎదురుగా కూర్చుని చెప్పరు. ఫోన్లో రికార్డు చేసి పంపిస్తారు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని టైపు చేసి, తిరిగి పంపెయ్యడమే. ఒక శనివారం సాయంత్రం కింద షాపులో పాల ప్యాకెట్టు అడగబోతే గొంతు పెగల్లేదు. పొద్దుట్నించీ నోరు విప్పలేదని అప్పుడు తెలిసింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం రేకు డబ్బా మూత తీశాను. వాసన చూద్దామనే తీశాను. మెత్తగా, కాస్త తియ్యగా, పాత కాగితాల మధ్య దాచిన ఖర్జూరంలా ఉంది. కాని అది పచ్చి పొగాకు వాసన. సారు గదిలో ఉండే వాసన అది కాదు. కాలిస్తేగాని రాదు.

పైపు చేతిలోకి తీసుకుంటే ఒక్క మాటే అడ్డొచ్చింది. ఎంగిలి. ఇరవై రెండేళ్ళలో ఆయన తాగిన మంచినీళ్ళ గ్లాసు నేను ముట్టుకున్నది లేదు. ఆయన పంటి గాట్లు ఇంకా ఆ పైపు కొస మీద ఉన్నాయి. దాన్ని సబ్బుతో తోమాను. వేడినీళ్ళలో అరగంట నానబెట్టాను. కిటికీ గట్టు మీద ఓ గంట ఆరబెట్టి, ఉన్న పొగాకంతా గుత్తివంకాయలో కారం కూరినట్టు కూరి, బాల్కనీలో తీగ మీద దుప్పటి అడ్డంగా వేసుకుని వెలిగించాను.

వెలిగితే ఆరిపోయేది. ఆరిపోతుందన్న భయంతో గబగబా పీల్చేదాన్ని. లోపల నీళ్ళు గురగురమన్నాయి. అరడజను అగ్గిపుల్లలయ్యేసరికి నాలుక కొస మీద సలసల కాగే నీళ్ళు పోసినట్టయింది. ఆ గది వాసన మాత్రం రాలేదు. తడి చెక్క కాలిన వాసన వచ్చింది. ఆ పూట ఆవకాయ కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో కళ్ళమ్మట నీళ్ళు. అయిదు రోజులు పెరుగన్నమే. ఆఫీసులో ఒకావిడ "ఏంటండీ, కూరలు మానేశారా?" అంటే "ఒంట్లో వేడి చేసిందండీ" అన్నాను.

నాలుక కాస్త కుదుటపడగానే బెంజి సర్కిల్ దగ్గర ఒక పెద్ద షాపులో పైపు పొగాకు రంగుల ప్యాకెట్టు కొన్నాను. చాక్లెట్టు, పళ్ళ రసం కలిపిన వాసన. వేళ్ళకి జిగురులా అంటుకుంది. అది మొదటిదాని కంటే ఘోరం. అద్దంలో చూసుకుంటే నాలుక కొస తెల్లగా పాలిపోయింది. భయపడి ఒక వారం ముట్టుకోలేదు. కాని ఆదివారం వచ్చేసరికి మళ్ళీ ఆ మధ్యాహ్నమే, మళ్ళీ ఆ నాలుగు గోడలే.

వన్‌టౌన్‌లో చుట్టలూ, నశ్యం, ఆకు పొగాకూ అమ్మే పాత కొట్టు ఒకటుందని తెలుసు. సారు క్లయింట్లు ఆ వీధి పేరు చెప్పుకునేవారు. వెళ్ళాను. గుమ్మం ఇరుకు, లోపల చీకటి, పొగాకు ఘాటుకి తుమ్మొచ్చింది. తెల్ల టోపీ, దళసరి కళ్ళద్దాలతో ఒక పెద్ద సాయిబుగారు గల్లా దగ్గర కూర్చుని ఉన్నారు.

"ఏం కావాలమ్మా?"

"పైపులో కాల్చే పొగాకు ఉందాండీ?"

"పైపా!" అని ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకున్నారు. "ఈ రోజుల్లో పైపు ఎవరు తాగుతున్నారమ్మా?"

"మా ఆయన" అన్నాను.

ఆ రెండు మాటలూ నా నోటివెంట రావడం యాభై ఒక్క ఏళ్ళలో అదే మొదటిసారి. అంత తేలిగ్గా వస్తాయనుకోలేదు.

"కొత్తగా మొదలెట్టారండీ. నాలుక కాలిపోతోందంటున్నారు."

"కాలదా మరి! పైపుని నీళ్ళతో కడిగారా?"

"నేనే కడిగానండీ."

"అయ్యో, చెక్క నీళ్ళు తాగేస్తదమ్మా. ఆ నీళ్ళే ఆవిరై నాలుక మీద కొడతాయి. వారం రోజులు ఎండ తగలకుండా గాలికి వదిలెయ్యండి. తర్వాత నుంచి గుడ్డ ఒత్తితో తుడుచుకోటమే." ఆయన మూడు సంచుల్లోంచి మూడు పిడికిళ్ళు తీసి కాగితం మీద వేరువేరుగా పోశారు. "ఇది బేరన్‌లో, అంటే వేడి కొట్టంలో ఆరబెట్టిన ఆకు. బంగారం రంగు చూశారా? దీంట్లో తీపుంటది. తీపున్నది చురుగ్గా కాలుద్ది, తొందరపడితే నాలుక కొరుకుద్ది. ఇది నీడన ఆరిన ఆకు. తీపు లేదు, నిదానంగా కాలుద్ది, కాని తలకెక్కుద్ది. ఇది లంకాకు, గోదావరి లంకల్లో పండేది. ఇది చుట్టలకి. సారు దీని జోలికి పోవద్దని చెప్పండి, కుర్చీలోంచి పడిపోతారు."

"మరి ఏది ఇమ్మంటారు?"

"నీడాకు రెండు పాళ్ళు, బేరన్ ఆకు ఒక పాలు. అత్తరూ పాకం పట్టించిన ప్యాకెట్లు మాత్రం కొత్తలో వద్దే వద్దు. ఇంటికెళ్ళాక కాగితం మీద పరిచి కాసేపు ఆరబెట్టండి. చిటికెడు నలిపితే ముద్ద కట్టకూడదు, పొడి అవకూడదు. వదులుగా నింపమనండి. మెల్లగా పీల్చమనండి. ఆరిపోతే ఆరిపోనివ్వమనండి అమ్మా. మళ్ళీ వెలిగించుకోవచ్చు. నాలుక కాలితే వారం పోద్ది." పొట్లం కడుతూ ఆగారు. "ఇదేం మంచి అలవాటని నేను చెప్పను. జీవితమంతా అమ్ముకున్నోణ్ణి, నా ఊపిరితిత్తులు చూసి డాక్టరు తిట్టాడు. వారానికి ఒకటో రెండో, అంతకి మించొద్దని చెప్పండి."

"చెప్తానండీ."

ఆ తర్వాత రెండు వారాలకోసారి వెళ్ళేదాన్ని. పొగాకు అయిపోయి కాదు. ఆయన "సారు ఎలా ఉన్నారమ్మా?" అని అడిగేవారు, నేను చెప్పేదాన్ని. సారు కాఫీలో పంచదార వేసుకోరు. సారుకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. వాన పడితే కిటికీ ముయ్యనివ్వరు. ఇవన్నీ నిజాలే. మనిషొక్కడే నావాడు కాదు.

కాని నెమ్మదిగా పీల్చడం మాత్రం నాకు చేతకాలేదు. ఎంత అనుకున్నా ఒంటరిగా కూర్చుంటే చెయ్యి తొందరపడుతుంది. పీల్చడానికీ పీల్చడానికీ మధ్య ఏం చెయ్యాలో తెలియదు. ఒకరోజు బీరువా అడుగున నా పాత షార్ట్‌హ్యాండ్ పుస్తకాలు కనిపించాయి. ఆ గీతలు నేను తప్ప ఇంకెవరూ చదవలేరు. సారు పైపు పీల్చడానికి ఆగినప్పుడల్లా నేను ఒక చిన్న అడ్డగీత పెట్టుకునేదాన్ని, వాక్యం ఎక్కడ తెగిందో తెలియడానికి. ఆ గీతలు చూసుకుంటూ పైకి చదివాను. "దావా భూమికి తూర్పు, పంటకాలువ. దక్షిణం, ప్రతివాది మాగాణి." గీత. ఒక్కసారి పీల్చాను. "పడమర, డొంక. ఉత్తరం, వాది తండ్రి తాలూకు కొబ్బరితోట." గీత. ఎవరిదో పాత గట్టు తగాదా. వాళ్ళెవరో నాకు గుర్తు కూడా లేదు. రెండు పేజీలయ్యేసరికి పైపు అడుగుదాకా తెల్లటి బూడిదయింది. నాలుక చల్లగా ఉంది. చాలాకాలం తర్వాత నా గొంతు ఆ ఇంట్లో అంతసేపు వినిపించింది.

ఆ వాసన మాత్రం కుదిరిందో లేదో తెలియలేదు. ఒకసారి దగ్గరగా అనిపించేది, ఒకసారి కాదనిపించేది. నేను పొగలోనే కూర్చుంటే వాసన నాకెలా తెలుస్తుంది?

వానాకాలంలో ఆకు చెమ్మ పట్టింది. ఆరబెట్టకుండా కాల్చి మళ్ళీ నాలుక కాల్చుకున్నాను. ఆ మర్నాడు కొట్టుకి వెళితే సాయిబుగారు టీ తెప్పించారు. గ్లాసు పెదవికి తగలగానే ఉలిక్కిపడి, ఊదుకుంటూ కూర్చున్నాను. ఆయన చూస్తున్నారు.

"సారు నాలుక మళ్ళీ కాలిందండీ" అన్నాను. "చెమ్మాకు."

"సారు నాలుక కాలితే," అన్నారాయన మెల్లగా, "టీ మీరు ఊదుకుంటున్నారేంటమ్మా?"

మొహం వేడెక్కింది. గ్లాసు కింద పెట్టి లేవబోయాను.

"మా అమ్మ చుట్ట కాల్చేది" అన్నారు ఆయన, వీధివైపు చూస్తూ. "తప్పనలేదు నేను. టీ చల్లారనివ్వండి, తొందరేం లేదు."

మా నాయనమ్మా కాల్చేది. పామర్రు దగ్గర పల్లెలో అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడుతూ. ఎవరూ ఏమీ అనుకోలేదు. నేను మాత్రం దుప్పటి చాటున. ఆ మాట ఆయనకి చెప్పాలనుకున్నాను. అంతలో ఒక కొనుగోలుదారు లోపలికొచ్చాడు. సాయిబుగారు నా పొట్లం అందిస్తూ, అతను వినేట్టుగా, "సారుకి నా సలాం చెప్పండమ్మా" అన్నారు. మెట్లు దిగేదాకా ఏడుపు ఆపుకున్నాను.

దసరా వెళ్ళాక సారు భార్య ఫోన్ చేశారు. ఆవిడ ఇప్పుడు మంగళగిరిలో వాళ్ళ చెల్లెలి ఇంట్లో ఉంటున్నారు. సారు కాగితాలు కొన్ని సర్దిపెట్టాలి, ఏది ఏమిటో ఆవిడకి తెలియడం లేదు. ఆదివారం వస్తానన్నాను. ఆ పొద్దున్న పైపు కాల్చుకుని, అదే చీరతో బస్సెక్కాను. ఆలోచన లేకుండానే.

పక్కింట్లోంచి మగ్గం చప్పుడు వినిపిస్తోంది. నేల మీద కాగితాలు పరుచుకుని కూర్చున్నాం. చెల్లెలు గుడికి వెళ్ళారు. కట్టలు విడదీస్తుంటే మేడమ్‌గారు సగంలో ఆగిపోయారు. నా భుజం దగ్గరికి వంగారు.

"నీ చీర మీద ఈ వాసనేంటమ్మా?"

కొంగు ఇటు లాక్కున్నాను.

"ఆయన చొక్కాలకుండేది" అన్నారావిడ. "ఇదే. పెళ్ళైన కొత్తలో పైపు తాగేవారు, నాకు పడదంటే మానేశానని ఒట్టేశారు. మరి చొక్కాలకి వాసనేంటండీ అంటే, క్లయింట్లు తాగుతారు, నేనేం చెయ్యనూ అనేవారు. నేను రోజూ విసుక్కుంటూ ఆ చొక్కాలు విడిగా నానబెట్టేదాన్ని." చేతిలో కట్ట పక్కన పెట్టారు. "పోయాక బీరువా అంతా వెతికాను. ఒక్కదానికీ లేదు. అన్నీ శుభ్రంగా ఉతికేశాను కదా."

ఆ లోపలి గదిలో ఇరవై రెండేళ్ళూ నాతో ఉన్నది ఆవిడకి తెలియని మనిషి. ఆ సంగతి తెలిస్తే ఒకప్పుడు సంతోషించేదాన్నేమో. ఆ పూట మాత్రం ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటుంటే చూడలేక, ముందున్న కట్టని విప్పి మళ్ళీ కట్టాను.

"మీ కొత్త ఆఫీసులోనూ తాగేవాళ్ళున్నారా?" అని అడిగారు.

"ఉన్నారండీ" అన్నాను. "ఒకరు."

"ఆయన నిజంగా మానేశారు కదూ? నువ్వు పక్కనే ఉండేదానివి."

కోర్టులో ప్రమాణం మీద దాఖలయ్యే కాగితాలు ఎన్ని వందలు టైపు చేశానో నాకే లెక్క లేదు. "మానేశారండీ" అన్నాను.

ఆవిడ తలూపారు. కాగితాల పని అరగంటలో అయిపోయింది. నేను లేవబోతే "కాసేపు కూచోమ్మా, కాఫీ పెడతాను" అన్నారు. కాఫీ తెచ్చి, ఎదురుగా ఉన్న కుర్చీలో కాక, నేను కూర్చున్న మంచం మీదే నాకు ఆనుకున్నంత దగ్గరగా కూర్చున్నారు.

ఇప్పుడు నెలకోసారి మంగళగిరి వెళుతున్నాను. సర్దాల్సిన కాగితాలేమీ మిగల్లేదు. వెళ్ళే రోజు పెందలాడే లేచి, ఆకు ఆరబెట్టుకుని, నిదానంగా కాల్చి, ఆ చీరతోనే బయలుదేరతాను. ఆవిడ ఏమీ అడగరు. నేనేమీ చెప్పను. పెద్దగా మాట్లాడుకోడానికి మా ఇద్దరికీ ఏం ఉంది గనక. గుడి నుంచి చెల్లెలు వచ్చేదాకా ఆ మంచం మీద అలా కూర్చుంటాం.