బావ ఎడమచేతి కంప్యూటరు

పుంగనూరు బస్టాండు వెనక మా అక్క మొగుడికి పెండ్లిపత్రికలు కొట్టే అంగడి ఉంది. అంగడంటే ఎంతో అనుకునేరు. బావ కుర్చీ తిప్పాలంటే గిరాకీ బయటికెళ్లి నిలబడాలి. మదనపల్లె నుంచి వెళ్లినప్పుడల్లా నేను సగం అంగట్లో, సగం మున్సిపాలిటీ రోడ్డు మీద కూర్చునేవాణ్ణి.

పక్షవాతం వచ్చి బావ కుడిచెయ్యి పడిపోయింది. అప్పట్నుంచి చొక్కా గుండీలు పెట్టేది అక్కే, అన్నం కలిపేది అక్కే. ఊరంతటినీ మాటలతో ఉతికి ఆరేసే మనిషి ఆ రెండు పనులప్పుడు మాత్రం గోడకేసి చూసేవాడు.

అంగట్లో కథ వేరు. పత్రికలు తయారుచేసే సాఫ్ట్‌వేరును పాత ఇంటిని విప్పినట్టు విప్పి, మళ్లీ కట్టుకున్నాడు. తెర మీద అక్కడక్కడా ఉన్న బొమ్మలన్నింటినీ గొర్రెల్ని దొడ్లోకి తోలినట్టు ఎడమ అంచుకు తోలాడు. రెండు చేతులు కావలసిన మీటల్ని ఎడమచేతి వేళ్ల కిందికి మార్చుకున్నాడు. బాణం గుర్తును ఎంత లావు చేశాడంటే, కుప్పంలో రైలు దిగేవాళ్లకు కూడా కనబడుతుంది. ఇంకెవరైనా దాని ముందు కూర్చుంటే దారితప్పి ఏడవాల్సిందే. బావకు మాత్రం ఎవరి సాయమూ అక్కర్లేని చోటు లోకంలో అదొక్కటే.

పోయిన ఎండాకాలంలో ఆ కంప్యూటరు చచ్చిపోయింది. మెకానిక్కు కొత్తది తెచ్చాడు. పాత సాఫ్ట్‌వేరు దాంట్లోకి ఎక్కనంటే, దాని కొత్త రకాన్నే ఎక్కించాడు. బావ తెరంతా వెతికాడు.

“ఈ బొమ్మల్ని ఎడంపక్కకి జరుపుకునేది యాడుండాదప్పా?”

“అది తీసేసినారన్నా. ఇప్పుడన్నీ అదే సూసుకుంటాది. నువ్వేం మార్చే పన్లేదు.”

మెకానిక్కు దాన్ని శుభవార్తలాగే చెప్పాడు. ఈ చెయ్యి ఇంక రాదని ఆస్పత్రిలో డాక్టరు చెప్పినప్పుడు కూడా బావ ముఖం అట్లా పాలిపోలేదు.

అప్పుడే కుప్పం నుంచి ఒక పెండ్లిపత్రిక పని వచ్చింది. మా వైపు పసుపు పూసిన మొదటి పత్రిక మేనమామ చేతికే ఇవ్వాలి. అందులో ఆయన పేరు చిన్నదైతే పెండ్లే చిన్నదైనట్టు. ఈ పెండ్లికూతురి మేనమామ పేరు ఇంటిపేరుతో, బిరుదులతో కలిపి గూడ్సు బండంత పొడుగు. కొత్త సాఫ్ట్‌వేరు పొడుగు పేర్లను తానే కుదిస్తుంది, పొట్టి పేర్లను తానే ఉబ్బిస్తుంది. పెండ్లికూతురి చిన్నాయన పేరు బూరెలా పొంగింది, మేనమామ పేరు చీమల బారైంది. బావ ఎడమచేత్తో తెర కొసదాకా పాకి దాన్ని పెద్దది చేసేవాడు. పక్క వరుసకు పోయి వచ్చేలోగా సాఫ్ట్‌వేరు మళ్లీ కుదించేసేది. పొద్దుటి నుంచి ఆ కుస్తీ చూసి నేను మౌసు అందుకోబోతే, నా చెయ్యి తోసేశాడు.

“ఇంట్లో గుండీలు మీ అక్క పెడతాది. ఈడ ఇది పెడతా ఉండాది. ఇంగ నాకేం మిగిలిందప్పా?”

నేను టీ తెచ్చే సాకుతో లేచి బస్టాండుకేసి పోయాను.

చివరికి బావ అలిసిపోయి వదిలేశాడు. పెండ్లికూతురి నాయన వచ్చి, ప్రూఫులో తన పేరొక్కటి చూసుకుని, దివ్యంగా ఉందన్నాడు. పత్రికలు అచ్చయిపోయాయి.

మొదటి పత్రిక అందుకున్న మేనమామ దాంతోనే నేరుగా అంగడికి వచ్చాడు. గొడవ పడతాడనుకున్నాను. బావ వేలాడే చేతిని చూసి మెత్తబడ్డాడేమో, నెమ్మదిగా అడిగాడు.

“ఏమప్పా, ఇది నువ్వు చేసిందా, మిషను చేసిందా?”

మిషనంటే చాలు, ఆయన క్షమించేసేవాడు. నేను నోరు తెరవబోయాను. బావ నా మోకాలి మీద ఎడమచెయ్యి వేసి నొక్కాడు.

“నేనే చేసినా.”

ఆయన పత్రికను బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. కొత్తవి కుప్పంలోనే కొట్టించుకున్నారని తర్వాత తెలిసింది.

రోజూ షట్టరును ఎడమచేత్తో తానే లాగి, ఎవరైనా చెయ్యేస్తే తిట్టే మనిషి, ఆ సాయంత్రం రోడ్డు మీదికి జరిగి నిలబడ్డాడు.

“నువ్వు దించప్పా,” అన్నాడు.

దించాను. తాళం కూడా నన్నే వేయమన్నాడు.