ఒక సహోదరి, వయసు నలభై

మా సంఘంలో ప్రార్థన మనవులు చీటీల మీద రాసి, చర్చి వాకిట్లో ఉన్న చెక్కపెట్టెలో వేసేవాళ్ళు. ఆదివారం ఆరాధనకు ముందు ఆ చీటీలు విప్పి, ఒక కాగితం మీద శుభ్రంగా ఎక్కించి పాస్టరుగారికి ఇవ్వడం నా పని. బడిపంతులమ్మను కదా, అక్షరం గుండ్రంగా ఉంటుందని నాకు అప్పగించారు. పరీక్షలకూ ఉద్యోగాలకూ అయితే జనం పేర్లతో సహా రాసేవాళ్ళు. కొన్ని జబ్బుల దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరూ ఒక సహోదరి, ఒక సహోదరుడు అయిపోయేవాళ్ళు. వారం తప్పకుండా పడే చీటీ ఒకటుండేది: "ఒక సహోదరి స్వస్థత కొరకు." అది వేసేది నేనే.

ఆ సహోదరి మా అక్క. తొమ్మిదో తరగతిలో ఉండగా మొదటిసారి మూర్ఛ వచ్చింది. అమ్మ ఆమెను బడి మాన్పించి, అడిగినవాళ్ళందరికీ "పిల్లకి నీరసం" అని చెప్పింది. అమ్మ పోయాక ఆ నీరసం మాటను నేను అందుకున్నాను. చిలకలగూడలో మా రెండు గదుల ఇంట్లో అక్క జాకెట్లు కుట్టేది. చర్చిలో మేమిద్దరం తలుపు పక్కన ఆఖరి బెంచీలో కూర్చునేవాళ్ళం. ఆమెకు వస్తే ఎవరూ చూడకముందే బయటికి తీసుకుపోవచ్చని నా ఏర్పాటు. పాతికేళ్ళు అలా కాపలా కాసి, దాన్నే ప్రేమ అనుకున్నాను.

ఒక రోజు బడి నుంచి వచ్చేసరికి అక్క పొయ్యి పక్కన పడి ఉంది. ముంజేయి కాలింది. సర్కారు దవాఖానలో డాక్టరమ్మ కట్టు కడుతూ అడిగితే అప్పుడు చెప్పింది అక్క, నెలాఖరులో మాత్రలు సగానికి విరిచి మింగుతున్నానని. నా జీతం ఎంతవరకు వస్తుందో అక్కకు తెలుసు. "విరిచి మింగితే మానేసినట్టే. ఈసారి పడితే చెయ్యితో పోదు" అంది డాక్టరమ్మ. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్ళకు సర్కారు ఉచితవైద్యం అప్పుడే మొదలైంది. ఆపరేషన్లు ఉన్నాయి గానీ, నెలనెలా మింగే మూర్ఛ మాత్రలు ఆ జాబితాలో లేవు. "ఇలాంటివాళ్ళు నలుగురూ కలిసి అర్జీ పెట్టండి, చేరుస్తారేమో" అని ఆమే చెప్పింది.

రాతకు అలవాటైన చేయి, అర్జీతో రెండు అరఠావులు నింపేశాను. మా చీటీల వల్ల, చేతిరాతలను బట్టి నాకు తెలిసిన మూర్ఛవాళ్ళు అక్కతో కలిపి పదకొండుమంది. వాళ్ళ జాబితా కూడా జతచేసి ఆ ఉచితవైద్యం ఆఫీసుకి పట్టుకెళ్ళాను. గుమాస్తా చదివి కళ్ళజోడు తీశాడు.

"ఏందమ్మా ఇది? ఒక సహోదరి, వయసు నలభై. ఒక సహోదరుడు, వయసు పంతొమ్మిది. ఎవరు వీళ్ళు?"

"మా సంఘంవాళ్ళండీ."

"పేరు లేదు, కార్డు నంబరు లేదు. గిట్ల ఇస్తే పైకి ఎట్ల పంపాలె? అడుగంది అమ్మ సుత పెట్టదంటరు. ఎవరు అడుగుతున్నరో ఎర్క కావాలె గద."

అతను నవ్వలేదు. నవ్వినా బాగుండేది, కోపమైనా వచ్చేది. ప్రతి ఆదివారం రాసినట్టే అక్కడా రాశాను, అందులో తప్పుందని నాకు తోచనే లేదు.

పేర్లు రాయడానికి ఒప్పుకోమని, కార్డు నంబర్లు ఇమ్మని ఇల్లిల్లూ తిరిగాను. సీతాఫల్‌మండిలో ఒకావిడ కొడుకు కోసం చీటీ వేసేది. ఆ చేతిరాత నేను గుర్తుపట్టాను. "ఆ చీటీ మాది కాదు టీచర్" అంది తలుపు సగం తెరిచి. తలుపు మూయబోతూ, "మావోడు డ్రైవర్ పని చేస్తుండు. పేరు ఎక్కితే నౌకరి పోతది" అంది. మిగతా ఇళ్ళలోనూ అంతే. కాఫీలు ఇచ్చారు, పేర్లు ఇవ్వలేదు.

గడులు గీసుకెళ్ళిన కాగితంతో ఖాళీగానే ఇంటికొచ్చి, అందరినీ అక్క దగ్గర తిట్టుకున్నాను. ఆమె మిషను ఆపింది.

"నా పేరు రాశావా?"

నేను కాగితం మడవబోయాను.

"వారంవారం ఆ చీటీ వేసేది నువ్వేనని నాకు తెలుసే. ఇన్నేళ్ళూ దేవుడికి కూడా నా పేరు చెప్పలేదా?"

నీ మంచికే అన్నాను. ఆ మాట నా నోట్లోనే చేదుగా ఉంది. అక్క లేచి వెళ్ళింది. ట్రంకుపెట్టెలోంచి రేషన్ కార్డు తెచ్చి, నా చేతిలోని పెన్ను తీసుకుని, మొదటి గడిలో తన పేరు రాసింది. పక్కన మూర్ఛ అని రాసింది.

ఆ ఆదివారం పాస్టరుగారు "ఒక సహోదరి స్వస్థత కొరకు" అని చదవగానే, నా పక్కన అక్క లేచి నిలబడింది. నేను చీర కొంగు పట్టుకుని లాగాను. ఆ సిగ్గు నన్నిప్పటికీ వదల్లేదు.

"అయ్యగారూ, ఆ సహోదరిని నేనే. నాకు మూర్ఛ. మాత్రల కోసం సర్కారుకి అర్జీ పెడుతున్నాం. నాలాంటివాళ్ళుంటే ఆరాధనయ్యాక పెట్టె దగ్గరికి రండి."

పెట్టె దగ్గర చాలాసేపు మేమిద్దరమే నిలబడ్డాం. తర్వాత సీతాఫల్‌మండి ఆవిడ వచ్చింది. ఎవరి ముఖమూ చూడకుండా కొడుకు పేరు రాసి వెళ్ళిపోయింది. ఆమె వెనక మరో ఐదుగురు వచ్చారు. మిగతా నలుగురు పక్క గేటు నుంచి వెళ్ళిపోయారు. వాళ్ళను అనడానికి నాకు నోరు లేదు.

గుమాస్తా ఈసారి ముద్ర వేసి తీసుకున్నాడు. పై వారం నుంచి చీటీలో అక్క పూర్తి పేరు రాశాను.

కొన్ని నెలలకు జవాబొచ్చింది. జాబితాలో మొదటి పేరు కాబట్టి అక్క పేరనే వచ్చింది. పోస్టుమాన్ గేటు దగ్గర ఆ పేరు గట్టిగా పిలిస్తే ఇరుగుపొరుగు తొంగిచూశారు. ఆమె పేర ఉత్తరం రావడం అదే మొదలు. గడపలో నిలబడి పైకి చదివింది. మా అర్జీ అందిందనీ, పరిశీలనలో ఉందనీ రాశారు. అంతకుమించి ఆ తర్వాత కూడా ఎవరూ ఏమీ చెప్పలేదు.

అక్క ఆ ఉత్తరాన్ని మడిచి బైబిల్లో పెట్టుకుంది. ఆ వేళ నెలాఖరు. మాత్రల అట్ట తీసి, నేను చూస్తుండగానే ఒకటి సగానికి విరిచింది.