నర్సింగ్ ఛార్జీలు

నర్సుల దినోత్సవం నాడు గోపికకు ఒక శాలువా, ఒక స్టీలు క్యారియర్ ఇచ్చారు. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషి ఆమెను దేవత అన్నాడు. ఆ మాటలో మంచి సౌకర్యం ఉంది. దేవతలు జీతం పెంచమని అడగరు. గోపిక శాలువా మడిచి సంచిలో పెట్టుకుని, సెలైన్ అయిపోవచ్చిన మంచం దగ్గరికి పరుగెత్తింది. ఉపన్యాసం వెనకాల సాగుతూనే ఉంది.

ఆమెది కొమరోలు దగ్గర పల్లె. తండ్రి కాటమరాజు గొర్రెలు కాస్తాడు. కూతుర్ని ఒంగోలులో నర్సింగ్ చదివించడానికి మందలో సగం అమ్మాడు. చదువయ్యాక గోపిక మార్కాపురం బస్టాండు వెనక వీధిలో ఒక నర్సింగ్ హోంలో చేరింది. ముప్పై మంచాలు. తెల్లకోటు వేసుకున్న ఆడపిల్లలు ఆరుగురు. వాళ్ళలో నర్సింగ్ చదివింది గోపిక ఒక్కతే. మిగిలినవాళ్ళు ఇంటర్ దగ్గర ఆగిపోయి, ఇక్కడే సూది పట్టడం నేర్చుకున్నవాళ్ళు. పామూరు నుంచి వచ్చిన వాణి అలాంటిదే. చురుకైన పిల్ల, నెలకు ఆరువేలు. గోపికకు పదమూడు వేలు.

చేరిన రోజునే గోపిక ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ డాక్టరు గారి భార్య లక్ష్మీకుమారి తన బీరువాలో పెట్టుకుంది. "మా దగ్గర భద్రంగా ఉంటాయమ్మా" అంది. రెండేళ్ళ బాండు. ఆ గడువు దాటిపోయి చాలా కాలమైంది, బీరువా మాత్రం తెరుచుకోలేదు. ఇంతలో సర్కారు ఆసుపత్రుల్లో కాంట్రాక్టు నర్సుల ఉద్యోగాలు పడ్డాయి. ఇదే పనికి అక్కడ రెండింతలకు పైనే జీతం. జాబితాలో గోపిక పేరు వచ్చింది. సోమవారం ఒంగోలులో ఒరిజినల్స్ చూపించాలి. చూపించకపోతే ఆ ఉద్యోగం జాబితాలో కింద ఉన్నవాళ్ళకు పోతుంది.

"చూద్దాంలే గోపికా" అంది లక్ష్మీకుమారి, వారమంతా. శనివారం పొద్దున మాత్రం విసుగ్గా నిజం చెప్పేసింది. "నువ్వు పోతే రేపు తనిఖీకి వచ్చినవాళ్ళకు ఎవర్ని చూపించమంటావ్ మమ్మల్ని?"

అదీ సంగతి. ఆరుగురు చేసే పనికి ఒకే ఒక్క పేరు. ఆ పేరు గోపికది. ఏ మంచం మీద ఏం జరిగినా అడిగేది ఆ పేరునే. అందుకే ఆమెకు భయం. గొర్రెల దొడ్డి పక్కన పొలాల్లో నిద్రపోయి పెరిగిన పిల్ల, పాము కనపడితే కర్ర వెతుక్కుంటుంది తప్ప అరవదు. ఆమె భయపడేది పొటాషియం మందుకు. వాంతులు, విరేచనాలతో ఒళ్ళు ఖాళీ అయినవాడికి సెలైన్‌లో కలిపి మెల్లగా ఎక్కిస్తే ప్రాణం నిలబెడుతుంది. తొందరగా ఎక్కితే గుండెను ఆపేస్తుంది. రెంటికీ మధ్య ఉన్నది గొట్టానికి తగిలించిన గోరంత ప్లాస్టిక్ చక్రం.

ఆ శనివారం అలాంటి బాటిల్ పిచ్చయ్యకు పెట్టింది. బేస్తవారిపేట పక్క ఊరి రైతు. ఎండదెబ్బ, విరేచనాలు. కొడుకు పవన్ మంచం పక్కన కూర్చుని చుక్కలు చూస్తున్నాడు.

"ఏందమ్మా ఇది? చుక్క పడేలోపల ముందరి చుక్క ఎండిపోయేట్టుంది. మా ఊరి ఆరెంపీ అయితే అరగంటలో బాటిలు దించేస్తాడు."

"దాంట్లో మందు కలిపినామన్నా. మెల్లగానే పోవాల. తొందరగా పోతే గుండెకు దెబ్బ. ఆ చక్రం ముట్టుకోబాకు."

"గుండెకు దెబ్బో, బిల్లుకు దెబ్బో."

"ఒరేయ్, ఆయమ్మను సతాయించబాకురా" అన్నాడు పిచ్చయ్య కళ్ళు మూసుకునే.

పవన్ జేబులోంచి నిన్నటి బిల్లు తీశాడు. "ఇదో, నర్సింగ్ ఛార్జీలు. మంచానికి రోజుకు ఐదువందలు. ముప్పై మంచాలు. అంటే దినానికి పదైదు వేలు! నెలకెంత సిస్టరూ? కలెక్టరుకన్నా వస్తాదా అంత?"

"నాకు నెలకు పదమూడు వేలన్నా."

పక్క మంచాలవాళ్ళు నవ్వారు. "పదమూడు వేలకు మా ఊర్లో జీవాలు కాసేటోడు కూడా దొరకడు" అన్నాడు పవన్.

"తెలుసు. మా నాయన పెట్టుకున్నోడికి పదైదు వేలు, మూడు పూట్ల సంగటి, ఏడాదికొక పొట్టేలు పిల్ల."

ఎవరూ నమ్మలేదు. ఆమె జోకు వేసిందనుకున్నారు. బిల్లు మీద అచ్చయిన మాటకున్న విలువ కోటు వేసుకున్న మనిషి మాటకు లేదు. ఆ ఐదువందలు గోపిక చేతికే వస్తున్నాయని, అందుకే చుక్కలు ఆపి ఆపి వదులుతున్నదని పవన్ మనసులో స్థిరపడిపోయింది.

అప్పుడే బండి మీంచి పడిన ఒకణ్ణి తెచ్చారు. తల పగిలి రక్తం కారుతున్నది. గోపిక అటు పోయింది. వాణిని పిచ్చయ్య దగ్గర ఉండమని కేకేసింది గాని, ఆ పిల్లను అప్పటికే మందుల షాపుకు తరిమారు.

పవన్ లెక్క అతనికుంది. ఒంటిగంటకు త్రీఫేజు కరెంటు వస్తుంది. బోరు కింద వంగతోట రెండు రోజులుగా తడి లేక వాలిపోయింది. మధ్యాహ్నం దాటితే ఇంకొక రోజు మంచం అద్దె. ఊళ్ళో ఎవరికి సెలైన్ పెట్టినా అది నిదానంగా పోతుంటే పక్కనున్నవాళ్ళే తిప్పుతారు. అతనికి అది మోటారు స్విచ్చు వేయడం లాంటిది. లేచి చక్రాన్ని చివరిదాకా జరిపాడు. ధార కట్టింది.

గోపిక తిరిగి వచ్చేసరికి బాటిల్ అడుగున కాసినే నీళ్ళు. ముందు ఆమెకు అర్థం కాలేదు. తర్వాత చక్రం చివరిదాకా జరిగి ఉండటం చూసింది.

"చెయ్యి మంటమ్మా... కొరివి పెట్టినట్టుంది" అంటున్నాడు పిచ్చయ్య. ఆ మాట కూడా ముద్ద ముద్దగా వస్తున్నది. గోపిక చక్రం మూసేసి మణికట్టు పట్టుకుంది. నాడి ఒకటి కొట్టి ఆగింది. మళ్ళీ కొడుతుందా అని చూసింది. కొట్టింది. మళ్ళీ ఆగింది.

"డాక్టర్ గారూ!" అన్న కేక తనదేనని ఆమెకు తర్వాత గాని తెలియలేదు.

డాక్టరు ఓపీ వదిలి పరుగున వచ్చాడు. ఈసీజీ చూసి క్యాల్షియం ఇవ్వమన్నాడు. అది కూడా తొందరగా తోస్తే చంపే మందే. ఒక చేత్తో ఇంకో చెయ్యి కదలకుండా పట్టుకుని, గోపిక సిరంజీని వెంట్రుకవాసి చొప్పున నొక్కింది. పవన్ గోడకు అతుక్కుపోయి ఉన్నాడు. చాలాసేపటికి కాగితం మీద గీతలు దారికొచ్చాయి. పిచ్చయ్య గట్టిగా ఊపిరి తీశాడు.

"ఎవరు ఓపెన్ చేసింది?" అన్నాడు డాక్టరు.

పవన్ కిటికీ వైపు చూశాడు. "నాకేం తెలుసు సార్? ఆయమ్మే పెట్టి పోయినాది."

ఆ మాట ఫోనులో ఊరికి చేరేసరికి 'నర్సు తప్పు సూది వేసింది' అయింది. బేస్తవారిపేట ఎంతో దూరం లేదు. రెండు ట్రాలీ ఆటోల్లో జనం దిగారు. "యాడుండాది ఆ నర్సు? బయటికి తీయండి దాన్ని!" కౌంటరు అద్దం భళ్ళున పగిలింది.

లక్ష్మీకుమారి గోపికను మందుల గదిలోకి నెట్టి, ఒక తెల్లకాగితం ముందు పెట్టింది. "పొరపాటు నీదేనని రాసి సంతకం పెట్టు. ఉద్యోగంలోంచి తీసేశామని చెప్పి వీళ్ళను పంపిస్తాను. నీ సర్టిఫికెట్లు ఇప్పుడే, ఈ నిమిషమే ఇచ్చేస్తాను. సోమవారం ఒంగోలు వెళ్ళిపో."

గోపిక పెన్ను తీసుకుంది. తీసుకోలేదని రాస్తే బాగుంటుంది గాని తీసుకుంది. బయట అరుపులు వింటే ఎవరైనా తీసుకుంటారు. "పిచ్చయ్య అను పేషెంటుకు" అని రాసింది కూడా. అక్కడ ఆగింది. ఈ కాగితం పోలీసుల దగ్గరికో, నర్సింగ్ కౌన్సిల్ దగ్గరికో పోతే బీరువాలోంచి వచ్చే సర్టిఫికెట్లు దేనికి పనికొస్తాయి? కాగితం నలిపి కోటు జేబులో పెట్టుకుని, వెనక తలుపులోంచి వార్డులోకి పోయింది.

పవన్ తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాడు.

"అన్నా, చక్రం తిప్పింది నువ్వేనని చెప్పు."

"నేను యాడ తిప్పినా? నాకేం పని?"

గోపిక గోడ మీదికి చెయ్యి చూపించింది. అక్కడ నల్లటి డబ్బాలో పచ్చ లైటు మిణుకుమంటున్నది. "అదేంది అనుకుంటాండావ్? కెమెరా. పోలీసులొస్తే ముందు చూసేది దాన్నే."

అది వైఫై డబ్బా. ఆ నర్సింగ్ హోంలో కెమెరాలున్నవి రెండే: ఒకటి క్యాష్ కౌంటరు మీద, ఒకటి మందుల షాపులో. రోగుల మీద ఎవరూ కెమెరా పెట్టలేదు. దేవత అతని కళ్ళలోకి చూస్తూ అబద్ధమాడింది. గొంతు వణకకుండా ఆడింది.

పవన్ ముఖంలో రక్తం లేదు. "మా పెదనాయనకు చెప్పబాకమ్మా. చంపేస్తాడు."

"నేను చెప్పను. నువ్వే చెప్పాల. ఇప్పుడే."

"పోరా, చెప్పు" అన్నాడు పిచ్చయ్య మంచం మీంచి. "ఆయమ్మ చక్రం ముట్టుకోవద్దనింది. నేను ఇన్నా."

పవన్ బయటికి పోయాడు. ముందు అరుపులు ఆగాయి. తర్వాత చెంపదెబ్బ చప్పుడు వినిపించింది. గోపిక మంచం కమ్మీ పట్టుకుని నిలబడింది. కళ్ళు మాత్రం పచ్చ లైటు మీదే ఉన్నాయి.

పిచ్చయ్య అన్న గురవయ్య కండువాతో మొహం తుడుచుకుంటూ వార్డులోకి వచ్చాడు. ఇరవైమంది కోపమూ ఆటో బాడుగా పెట్టుకుని వచ్చారు, ఇప్పుడు ఆ కోపాన్ని దించుకోవడానికి చోటు లేదు. "తప్పు మావోడిదేనంట గదమ్మా. నిన్ను ఎన్నో మాటలన్న్యాం" అని జేబులోంచి ఐదువందల నోటు తీశాడు.

"డబ్బులొద్దు పెదనాయనా" అంది గోపిక. మర్యాదకు అనలేదు. ఆ క్షణాన ఇంకొకటి తోచింది. "నా సర్టిఫికెట్లు మేడం బీరువాలో ఉండాయి. సోమవారం నాకు కావాల. ఇప్పించు."

గురవయ్యకు రెండుసార్లు చెప్పించుకోవలసి వచ్చింది. అర్థమయ్యాక కౌంటరు దగ్గరికి పోయాడు. జనం వెంట పోయారు.

"ఏందమ్మా, ఆ పిల్ల కాయితాలు నీకెందుకు? మా ఊర్లో జీతగాడు పోతానంటే వాడి కర్రా కంబడీ పెట్టుకోని కూచోము."

"ఇది మా ఆఫీసు విషయమండీ."

"ఆఫీసో ఏందో మాకెందుకు. ఆ బీరువా తెరువు. మేం ఈడనే నిలబడుకోనుంటాం."

లక్ష్మీకుమారి పగిలిన అద్దం వైపు చూసింది, భర్త వైపు చూసింది. భర్త ఈసీజీ కాగితం వైపు చూస్తున్నాడు. బీరువా తెరుచుకుంది. ఆ సర్టిఫికెట్లు అడిగే హక్కు గోపికకు మొదటి రోజునుంచీ ఉంది. అది పనిచేయడానికి రెండు ఆటోల జనం కావలసి వచ్చింది. ఆ జనం కూడా ఆమెను కొట్టడానికి వచ్చినవాళ్ళే.

ఫైలు చేతికి వచ్చాక ఒక్కొక్కటీ తీసి చూసుకుంది. అన్నీ ఉన్నాయి.

పిచ్చయ్యకు ఇంకొక బాటిల్ మొదలుపెట్టారు, మందు కలపనిది. గోపిక చుక్కలు సరిచేసి వాణిని పిలిచింది.

"అక్కా, సోమవారం నుంచి వార్డు నన్ను చూడమనింది మేడం. వెయ్యి రూపాయలు పెంచుతాదంట."

"నీకు రాదు గదా వాణీ ఇదంతా. రాదని చెప్పు."

"చెప్తే తీసేస్తాది. మా అమ్మకు ఏం చెప్పాల?"

గోపిక, చక్రం ఎంత జరిపితే ఎన్ని చుక్కలో వాణి చేత మూడుసార్లు చేయించింది. సంచి భుజాన వేసుకుని బస్టాండుకు నడిచింది. ఫైలును గుండెకు అదుముకుని, ఇంటికి పోయే గిద్దలూరు బస్సు ఎక్కింది. బస్సు ఊరు దాటకముందే ఫోను తీసింది.

"పిచ్చయ్య బాటిలు ఎట్లుంది?"

"మెల్లగానే పోతాంది అక్కా. చక్రం మీంచి చెయ్యి తీయలేదు. అవతల మంచాలోళ్ళు పిలుస్తాండారు..." వాణి గొంతు సన్నగిల్లింది. "లేయాలంటే భయమైతాంది."