దేవుడి గూట్లో రోడియం

ఏడో తరగతితో బడి మానేసినవాణ్ని. రసాయనశాస్త్రానికి నావల్ల ఏ హానీ జరగదనే అనుకునేవాణ్ని. కంచరపాలెంలో సైలెన్సర్లు వెల్డింగ్ చేసుకునేవాణ్ని.

మా అక్క మొగుడు ఉక్కునగరం ఉద్యోగుల్ని షిఫ్టులకు తిప్పే కారు నడిపేవాడు. ఒకరోజు షెడ్డుకొచ్చి, "బామ్మర్దీ, బండి లాగతం లేదు, సూడు" అన్నాడు. పొగగొట్టం మధ్యలో ఉన్న డబ్బా కోసి చూశాను. లోపల సన్నటి బెజ్జాల పింగాణీ ఇటుక. ఇంత అడ్డం పెడితే ఏం లాగుతుందని ఇటుక తీసేసి, ఖాళీ డబ్బా అతికించాను. డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. దాని మీద నల్లటేపు వేశాను. ఇటుకను అమ్మ అగరుబత్తులు గుచ్చుకోవడానికి దేవుడి గూట్లో పెట్టుకుంది.

బండి మాత్రం అలాగే లాగలేదు. పైగా కొన్నాళ్లకు పొల్యూషన్ పరీక్షలో తప్పింది. మర్నాడు మధ్యాహ్నం షిఫ్టులోగా సర్టిఫికెట్ లేకపోతే వేరే కారు పెట్టుకుంటానన్నాడు కాంట్రాక్టరు.

పరీక్ష చేసేవాడు వంగి డబ్బాను తట్టాడు. మద్దెలలా మోగింది.

"లోపల ఇటుకేది?"

"దేవుడి కాడుంది."

ఆ బెజ్జాల గోడలకు ప్లాటినం, రోడియం లాంటివి పూస్తారట. పెనానికి నూనె రాసినట్టు, లోహం కొంచెమే, పొగ తగిలే చోటు ఎక్కువ. నైట్రోజన్ ఆక్సైడు వచ్చి రోడియం మీద వాలి విడిపోతుంది. నైట్రోజన్లు జతకట్టి మామూలు గాలిగా పోతాయి. ఆక్సిజన్‌ను కార్బన్ మోనాక్సైడు పట్టుకుపోతుంది. లోహం ఉన్నచోటే ఉంటుంది. ఒక జంటను విడదీసి, ఇంకో జంటను కలిపి, ఏమీ పుచ్చుకోని పెద్దమనిషిని మా పేటలో నేను చూడలేదు.

"మా మిషను కార్బన్ మోనాక్సైడే సూత్తది. నైట్రోజన్ ఆక్సైడు సంగతి నీ ఊపిరితిత్తులు సూసుకుంటాయి" అన్నాడు.

"మరి బండెందుకు లాగలేదు?"

బానెట్ ఎత్తి చూపించాడు. ఎయిర్ ఫిల్టరు నిండా పోర్టు నుంచి ఎగిరొచ్చిన బొగ్గు ధూళి, ఇంజనుకు గాలే అందడం లేదు.

ఇంటికెళ్లి ఇటుక అడిగితే అమ్మ కదల్లేదు.

"దేవుడిది తీసి కారుకెట్టేత్తావేటి?"

"కారుదే దేవుడికెట్టావు నువ్వు."

గుమ్మంలో తల దించుకుని నిలబడ్డ అల్లుణ్ని చూసింది. "ఇది లేపోతే బండాగిపోద్దా?"

"ఆగిపోద్దత్తా."

అగరుబత్తులు ఒక్కొక్కటే పీకి, ఇటుక అతని చేతిలో పెట్టింది. "ఈడికియ్యకు నాయినా. మళ్లీ ఏటో పీకేత్తాడు."

బావకు అది నాకివ్వక తప్పలేదు. కంప్రెసరు గాలితో బూడిద ఊది, బిగించి వెల్డింగ్ చేశాను, ఫిల్టరు మార్చాను. మర్నాడు పరీక్షలో మొదటి రెండు నిమిషాలు సైలెన్సరు గంధం వాసన కొట్టింది. పరీక్షవాడు నన్ను చూశాడు. నేను దేవుడి కొండవైపు చూశాను. బండి పాసైంది, బావ షిఫ్టుకు అందుకున్నాడు.

అప్పట్నుంచి అమ్మ అగరుబత్తులు అరటిపండుకే గుచ్చుతోంది. గుచ్చేముందు పండు నాకు చూపించి అడుగుతుంది.

"ఇది ఏ బండిదీ కాదు గదా?"