ఎడమ పక్క నుంచి దాటినవాడు

ఛత్రినాక స్టాపులో మా బస్సు ఎప్పుడూ రోడ్డు నడుమనే ఆగుతుంది. ఫుట్‌పాత్‌కీ బస్సుకీ మధ్య ఒక బండి దూరేంత సందు మిగులుతుంది. ఆ సందులోంచే మా గల్లీ పాలవాడు, బండికి రెండు పక్కలా క్యాన్లు కట్టుకుని దూసుకొచ్చాడు. నేను ఫుట్‌బోర్డు మీంచి ఒక కాలు కింద పెట్టాను; క్యాను అంచు సరిగ్గా మోకాలికి తగిలింది. నేను కింద పడి అరుస్తుంటే వాడు ఆగకుండానే తల తిప్పి, "జర సూస్కొని దిగాలె గదక్కా!" అన్నాడు. దిగేవాళ్లు చూసుకోవాలట, దూరేవాడు కాదట!

మోకాలిచిప్ప పగిలింది. కట్టు విప్పాక కూడా కాలు పూర్తిగా వంగలేదు. ఆషాఢం బోనాల్లో అమ్మవారికి బోనం కుండ నెత్తికెత్తుకుని నడవడం మా ఇంట్లో నా వంతు. ఆ ఏడు ఎత్తలేక గడపలో కూర్చుని ఏడ్చాను.

కాస్త నడవగలిగాక పోలీస్ స్టేషన్‌కి వెళ్లాను. "ఎడమకెంచి దాటుడు తప్పేనమ్మా. గానీ సాక్ష్యం ఎవరు చెప్తరు?" అన్నాడు అక్కడున్నాయన. ఎవరు చెబుతారు? గల్లీలో సగం ఇళ్లకు పాలు వాడివే. మా ఆయన కూడా "మనోడే గదా, ఇడ్సిపెట్టు" అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ప్యాకెట్ పాలే. వాడి బండి చప్పుడు వినబడితే చాలు, ఒళ్లు మండేది. వాడి చేతులు పడిపోవాలని, క్యాన్లు దొర్లిపోవాలని రోజూ శపించాను. అందుకు నాకేం సిగ్గు లేదు.

మరుసటి ఏడు ఆషాఢంలో మొండిగా బోనమెత్తాను. ఇరుకు గల్లీ, ముందు డప్పులు, నడుమ నేను. వెనక నుంచి హారన్. తిరిగి చూడక్కర్లేదు, వాడే. బోనమెత్తిన మనిషి అమ్మవారితో సమానం; ఆమెను దాటి పోవడానికి మా దగ్గర ఎవరూ సాహసించరు. పక్కింటి పెద్దావిడ వాడి మీద విరుచుకుపడింది: "కండ్లు నెత్తికెక్కినయారా? అమ్మను దాటిపోతవా?"

చట్టానికి జంకనివాడు గప్‌చుప్‌గా ఇంజన్ ఆపేసి, బండి తోసుకుంటూ నా వెనకే వచ్చాడు. ఎండ ముదురుతోంది. "అక్కా, జర జల్ది నడువు. పాలు ఖరాబైతయ్" అని బతిమాలాడు.

"గీ మోకాలు గింతే నడుస్తది తమ్మీ. నువ్వు జేసిందే" అన్నాను.

పెద్దావిడ వాడి చేతికి చెంబిచ్చి, నా కాళ్లకు నీళ్లు పోయమంది. అలా పోస్తే అమ్మవారు శాంతిస్తుందని మా నమ్మకం. వాడు అందరి ముందూ వంగి పోశాడు.

అమ్మవారు శాంతించిందో లేదో నాకు తెలియదు. నేను శాంతించలేదు. తర్వాతి అడుగు ఇంకా మెల్లగా వేశాను.