బావ దాచిన వైఫై పేరు

తెలుగు నేలకి దూరంగా ఉన్న ఈ రైల్వే ఊళ్లో, పూరీ గేట్ దగ్గర నాకొక ఫోన్ల రిపేరు కొట్టుంది. ఎనిమిదో తరగతి మధ్యలో నేను బడి మానేసినాను. బడి కూడా పెద్దగా బాధపడినట్టు కనపడలేదు. మా నాన్న మాత్రం బాధపడినాడు. రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్ ఆయన. కొడుకు అప్రెంటిస్‌గా చేరి తన పక్కన నిలబడతాడని ఆశ. నేను నిలబడలేదు. నా బదులు మా బావ నిలబడినాడు. నాన్న చేతి కింద పని నేర్చుకుని, ఆయన చేతి సుత్తి పట్టుకుని, ఆఖరికి ఆయన కూతుర్ని, అంటే మా అప్పని, పెళ్లి చేసుకున్నాడు. “ఇంక మిగిలింది ఆయన మంచమే, అది కూడా పట్టుకుపో” అని నేనంటే, “మంచం నీకే ఉంచినానోయ్, నువ్వు సేసే పని అదొక్కటే కదా” అనేవాడు.

మా ఇద్దరికీ అదే భాష. ముప్ఫై ఏళ్లలో మేము ఒక్క మాట సూటిగా మాట్లాడుకున్నట్టు నాకు గుర్తు లేదు.

బావ వైఫై పెట్టించుకున్న కొత్తలో రోజూ సాయంత్రం వాళ్ల క్వార్టర్ వరండాలో కూర్చుని దాన్ని నేనే ఎక్కువ తాగేసేవాణ్ని. బావ ఓ నెల చూసినాడు. తర్వాత ఎవర్నడిగినాడో ఏమో, పేరు మార్చి దాచేసినాడు. మామూలుగా ఫోన్లో వైఫై వెతికితే చుట్టుపక్కలవాళ్ల పేర్లన్నీ వరసగా వస్తాయి. దాచిన పేరు ఆ వరసలో రాదు. పేరు మనకి ముందే తెలిసుండాలి, మనమే చేత్తో కొట్టాలి. తప్పు కొడితే ఇది తప్పని ఫోన్ చెప్పదు కూడా. ‘అందుబాటులో లేదు’ అని ఊరుకుంటుంది.

బావ అక్కడితో ఆగలేదు. పాస్‌వర్డ్‌ని ఎర్ర స్కెచ్ పెన్నుతో గోడ మీది క్యాలెండర్ వెనకాల ఇంత లావు అక్షరాల్లో రాసి, క్యాలెండర్ని తిప్పి తగిలించినాడు. “తాళంచెవి ఇదిగో. తలుపెక్కడుందో నువ్వే సూసుకో. ఊళ్లో ఫోన్లన్నీ బాగుసేసే మొనగాడివి కదా.”

నాలుగు రోజుల తర్వాత అడిగినాడు, “దొరికిందేటోయ్ తలుపు?”

“ఎప్పుడో దొరికింది. నీ నెట్ వాడితే కడుపులో తిప్పుతుందని మానేసినాను.”

అది అబద్ధం. నాకు దొరకలేదు. దొరకలేదని చెప్పడానికి నోరు రాలేదు. రెండేళ్లు ఆ అబద్ధం మీదే నడిపించినాను.

పోయిన వానాకాలం బావకి గుండెలో వాల్వు పాడయిందన్నారు. దక్షిణాదిలో ఒక పెద్దాసుపత్రిలో ఆపరేషన్ రోజు ఖాయమయింది. సరిగ్గా అప్పుడే అప్ప బాత్రూంలో జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. నడుం నుంచి మడమ దాకా కట్టు. కదలడానికి లేదు. వాళ్లకి పిల్లల్లేరు. బావ వెంట వర్క్‌షాప్ స్నేహితుడొకాయన వెళ్లినాడు. అప్ప దగ్గర నేను.

అప్ప పడుకునే గది క్వార్టర్లో లోపలి గది. ఆ కాలం గోడలు ఎంత మందమంటే మొబైల్ సిగ్నల్ గడప దాటి లోపలికి రాదు. మాట్లాడాలంటే పెరట్లో నీళ్ల ట్యాంకు దగ్గరికి వెళ్లాలి. మంచం మీద మనిషికి ఆ వైఫై ఒక్కటే దిక్కు. రోజూ పొద్దున్న, సాయంత్రం బావ వీడియో కాల్ చేసేవాడు. అప్ప అంతకుముందే తల దువ్వించుకునేది, పక్క క్వార్టర్లో అందరం దీదీ అని పిలిచే ఆవిడ చేత. నాకు నవ్వొచ్చేది. “పెళ్లిచూపులేటప్పా రోజూ?” అంటే, “నోర్మూసుకోరా” అని అద్దం అడిగేది.

ఆపరేషన్ ముందురోజు బావ చెప్పినాడు. “రేపు ఎనిమిదింటికి లోపలికి తీసుకుపోతారట. ఏడున్నరకి సేస్తాను. నీకొక మాట సెప్పాలే.” అప్ప ఇప్పుడే చెప్పమంది. “ఆ కోతి పక్కనుంటే ఎలా సెప్తాను? రేపు ఆణ్ని బయటికి పంపించి కూసో” అన్నాడు. ఆ కోతిని నేనే. నేను ఫోన్లో తల దూర్చి పళ్లు ఇకిలించినాను. బావ నవ్వినాడు. నవ్వుతోంటే ఆయాసం వచ్చింది.

మర్నాడు ఇడ్లీ పట్టుకుని ఏడింటికి వెళ్లినాను. పొద్దున్నే పోయిన కరెంటు అప్పుడే వచ్చింది. అప్ప తల దువ్వించుకుని, కొత్త చీర కొంగు కప్పుకుని కూర్చుంది. ఫోన్ నా చేతికిచ్చి, “లైను రాటంలేదురా, సూడు” అంది.

కరెంటు పోయి వచ్చినాక ఆ వైఫై డబ్బా లేచి సర్దుకోవడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. కాస్త ఆగితే ఫోన్ తనంతట తనే పట్టుకునేది. ఈ సంగతి కొట్టుకొచ్చిన వాళ్లకి రోజుకి పదిసార్లు చెప్తాను. ఆగకుండా నేను చేసే రెండో వైద్యం ఒకటుంది. సేవ్ అయిన నెట్‌వర్క్‌ని ‘ఫర్గెట్’ కొట్టి ఫోన్ మర్చిపోయేలా చేసి, మళ్లీ వరసలో దాని పేరు మీద నొక్కి కలపడం. పదింట తొమ్మిదిసార్లు పనిచేస్తుంది. వేలికి అలవాటైపోయింది. ఏదో జోకు వేస్తున్నాను అప్పుడు, ఇడ్లీ గురించి. ఆ మాట పూర్తయ్యే లోపల, పేరేంటో చూడకుండానే ఫర్గెట్ కొట్టేసినాను. వరస తెరిచి చూస్తే చుట్టుపక్కలవాళ్ల పేర్లన్నీ ఉన్నాయి. బావది లేదు. ఉండదు. ఇంట్లో ఆ పేరు తెలిసిన ఒకే ఒక్క ఫోన్లోంచి దాన్ని నేనే తీసిపారేసినాను.

“ఏటయిందిరా?”

“ఏం కాలేదు. రెండు నిమిషాలు.”

గోడ గడియారం ఏడూ పది. పాస్‌వర్డ్ ఉంది. క్యాలెండర్ తిప్పినాను. పేరు పెట్టే చోట బావ టికెట్ నంబరు కొట్టినాను. వర్క్‌షాప్‌లో ప్రతి మనిషికీ ఒక టికెట్ నంబరుంటుంది. అన్నం క్యారియర్లు కలిసిపోకుండా మూతల మీద దాన్నే చెక్కించుకుంటారు, సైకిల్ తాళానికి అదే, బీరువాకి అదే. మా వాళ్లు పెళ్లిరోజు మర్చిపోతారు కానీ అది మర్చిపోరు. అందుకే అదే అయ్యుంటుందనుకున్నాను. అందుబాటులో లేదు. క్వార్టర్ నంబరు. లేదు. అప్ప పేరు, చిన్నక్షరాల్లో, పెద్దక్షరాల్లో. లేదు.

“బయటికెళ్లి మీ బావనే అడగరాదేటి?” అంది అప్ప.

అడగొచ్చు. పెరట్లోకి ఇరవై అడుగులు. ఫోన్ చేసి, బావా, నీ వైఫై పేరేటి అనాలి, అంతే. అప్పుడు రెండేళ్ల అబద్ధం బయటపడుతుంది. ఆపరేషన్ అయి తిరిగొచ్చినాక ఆయన ప్రతి పెళ్లిలో, ప్రతి తద్దినంలో ఇది చెప్తాడు. పూరీ గేట్ మొనగాడు మా ఇంటి తలుపు కనుక్కోలేక ఆపరేషన్ బల్ల మీదున్న నాకు ఫోన్ చేసినాడర్రా అని చెప్తాడు. నాకప్పుడు కనపడింది అదే, బావ చుట్టూ జనం కూర్చుని నవ్వుతుండటం. ఆయన తిరిగి రాకపోవచ్చన్నది మాత్రం కనపడలేదు.

“ఆయన్నెందుకప్పా ఇప్పుడు? నేను పట్టుకుంటాను కదా.”

ఏడూ ఇరవై. అప్ప కాసేపు క్యాలెండర్ వైపే చూసి, “నాన్న నంబరు ఏసినావేటి?” అంది.

మా నాన్నది! నిజమే, ఆయన పోయినా బావకి ఇప్పటికీ దేవుడే. గబగబా కొట్టినాను. అందుబాటులో లేదు.

“ఏటి కొట్టినావు?”

చదివి వినిపించినాను.

“అది కాదేమోరా. సివర్న అలాగుండదు. నేను మోసినాను కదా క్యారియర్, రోజూ గేటుకి.”

“నాన్న నంబరు నాకు తెలీదా అప్పా? నువ్వు ఊరుకో, కంగారుపెట్టకు.”

కొట్టులో నేను స్క్రూలు పోసుకునేది మా నాన్న క్యారియర్ మూతలోనే. దాని మీద నంబరు చెక్కుంది. సైకిల్ మీద వెళ్లిరావడానికి పది నిమిషాలు. వెళ్లలేదు. కొడుకుని, నాకు తెలీకపోవడమేంటి. సెట్టింగుల్లో సెక్యూరిటీ రకం మార్చి చూసినాను. డబ్బా ఆపి వేసినాను. మళ్లీ బావ నంబరే, ముందొక చుక్క పెట్టి, వెనకొక చుక్క పెట్టి. అప్ప గడియారం చూడటం కూడా మానేసి, నా వేళ్ల వైపు చూస్తూ కూర్చుంది.

ఎనిమిదికి ఐదు నిమిషాలున్నప్పుడు ఓడిపోయినాను. పెరట్లోకి పరిగెత్తినాను. ట్యాంకు దగ్గరికి చేరగానే జేబులో నా ఫోన్ వరసగా మోగింది. కాల్స్ కావు, వచ్చి పోయిన కాల్స్ కబుర్లు. ఐదు. అప్ప ఫోన్ అందక నాకు చేసినాడు. నేను ఆ గోడల మధ్య సిగ్నల్ లేకుండా కూర్చుని మొనగాడితనం చేస్తున్నాను. తిరిగి చేస్తే స్నేహితుడాయన ఎత్తినాడు.

“ఇప్పుడే తీసుకుపోయినారు బాబూ. ఫోన్ నాకిచ్చేసినాడు.”

“ఏమైనా అన్నాడేటి?”

“కోతి ఏం సేస్తన్నాడో అక్కడ, అన్నాడు.”

లోపలికెళ్లి, “బాగానే ఉన్నాడట, వెళ్లినాడట” అని చెప్పినాను. అప్ప కొత్త చీర కొంగు తీసి పక్కన పెట్టి, ఇడ్లీ వద్దంది.

బావ లేవలేదు. మూడో రోజు పోయినాడు. బండిలో తెచ్చినారు. అప్పని నలుగురం మంచంతో పాటు వరండాలోకి మోసినాము. మంచంతో పాటు మోయొచ్చని అప్పుడు తెలిసింది నాకు. ఆ రోజు పక్కవాళ్లని ముగ్గుర్ని కేకేస్తే నీళ్ల ట్యాంకు దాకా మోసేవాళ్లమే. దీదీ వాళ్ల వైఫై అడిగితే ఇచ్చేది. ఆ తర్వాత ఇలాంటివి ఎన్ని తోచినాయో. ఇప్పటికీ ఏదో ఒకటి కొత్తగా తోస్తానే ఉంటుంది.

దినాలయ్యాక స్నేహితుడాయన బావ సంచి తెచ్చిచ్చినాడు. అందులో ఫోన్ చచ్చిపోయి ఉంటే, అప్ప గదిలో ఛార్జింగ్‌కి పెట్టినాను. లేచింది. లేచిన కాసేపటికి ఎవరూ ముట్టుకోకుండానే ఇంట్లో వైఫై పట్టుకుంది. తెర పైన చిన్న అక్షరాల్లో పేరు కనపడింది. ఒక నంబరు. మా నాన్నదే. నేను కొట్టినదానిలో చివరి రెండంకెలు తారుమారు, అంతే తేడా. అప్ప చెప్పినట్టే, చివర్న అలాగుండదు.

అయినా కొట్టుకెళ్లినాను. స్క్రూలన్నీ బల్ల మీద కుమ్మరించి, మూత తుడిచి చూసినాను. పదిహేనేళ్లుగా అది నా మోచేతి పక్కనే ఉంది. రెండేళ్లు నేను దొరికిందని కోతలు కోసిన పేరు అది. కనుక్కోవాలని బావ పెట్టింది, కనుక్కోగలనని కూడా అనుకుని ఉంటాడు. మామ నంబరు అల్లుడికి గుర్తుంది, కొడుక్కి ఉంటుందిలే అనుకునుంటాడు.

తిరిగొచ్చి అప్ప ఫోన్లో ఆ పేరు చేత్తో కొట్టినాను. ఈసారి వెంటనే కలిసింది. ఆగిపోయిన కబుర్లన్నీ ఒక్కసారి పడ్డాయి. వాటిలో బావవి మూడు, ఎత్తని వీడియో కాల్స్. ఏడూ ఇరవై తొమ్మిది. ఏడూ ముప్ఫై నాలుగు. ఏడూ నలభై. అంతకు మించి ఏమీ లేదు. మాట రికార్డు చేసి పంపడం ఆయనకి రాదు. నేర్పుతానని నేనే అన్నానొకసారి. “నీ దగ్గర నేర్సుకోవాల్సిన ఖర్మ నాకింకా పట్టలేదోయ్” అన్నాడు. నేనూ ఏదో అన్నాను, బాగా నవ్వుకున్నాము.

అప్ప తెర మీది ఆ మూడు వరసలూ చూసింది. “ఏటి సెప్దామనుకున్నాడోరా” అంది. నన్ను అడిగినట్టు లేదు. నేను ఆ నంబరు సంగతి చెప్పబోయినాను. “నువ్వు సెప్పిందే నిజమప్పా, సివరి రెండూ...” అన్నాను. అప్ప చెయ్యెత్తి ఆపింది.

కట్టు విప్పినారు. కర్ర పట్టుకుని నడుస్తోంది. క్వార్టర్ ఖాళీ చెయ్యాలి, సుభాష్‌పల్లిలో ఒక గది చూసినాను. నేను రోజూ వెళ్తాను. అన్నం పెడుతుంది, ఆరోగ్యం అడుగుతుంది. కోపమంటూ ఎప్పుడూ చూపించలేదు.

మొన్న ఫోన్ మళ్లీ లైను పట్టలేదు. నేను అక్కడే, మంచం పక్కన కుర్చీలో ఉన్నాను. అలవాటుగా చెయ్యి చాపినాను. అప్ప ఫోన్ని కొంగులోకి తీసుకుని, కర్ర పట్టుకుని మెల్లిగా లేచి, గుమ్మం దాకా నడిచి, పక్క క్వార్టర్ వైపు తిరిగి పిలిచింది.

“దీదీ, ఒక్కసారి రావా? ఫోన్ సూద్దువు గాని.”