కాశిం సార్ తీసుకున్న రీడింగు

మొన్న షుగరు డాక్టరు నా అరికాలికి స్పిరిటు దూది రుద్ది, గుండుసూది మొన ఆనించి, "తెలుస్తోందా?" అని అడిగాడు. చురుక్కుమని తెలిసింది. తెలిసిందని చెప్పడానికి మాత్రం కొంత సమయం తీసుకున్నాను. ఆయన కంగారుపడి ఇంకోసారి, కాస్త గట్టిగానే పొడిచాడు. పాపం, ఆయన తప్పేమీ లేదు. ఆ ప్రశ్న వింటే నాకు కాశిం సార్ గుర్తుకొస్తారు. ఆయన గుర్తుకొస్తే నా నోట జవాబు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది.

హిందూపురం కాలేజీలో ఆయన మాకు ఫిజిక్సు చెప్పేవారు. ధర్మవరంలో ఇల్లు, రోజూ ప్యాసింజరు బండిలో వచ్చేవారు. నేను పెనుకొండలో అదే బండి ఎక్కేవాణ్ణి. ప్రాక్టికల్సులో మా వాళ్ళకొక ఆచారం ఉండేది. ముందు పుస్తకంలోని జవాబు రాసుకుని, దానికి సరిపోయేలా రీడింగులు వండుకునేవాళ్ళం. లోలకం ఊగకముందే దాని లెక్క పూర్తయ్యేది. ఒకసారి మావాడొకడి రికార్డు చూసి సార్, "ఏమప్పా, పుస్తకంలో ఉన్నట్లే వచ్చిందే. ఈ పాత దారం, ఆ కిటికీ గాలి, నీ చేతి వణుకు, ఇవన్నీ దాటుకోని ఇంత బాగా రావాలంటే దేవుడే దిగి రావాల. ఆయనకు హిందూపురంలో ఏం పనుండాది?" అన్నారు. ఆ రోజు ఎక్కువ మార్కులు పడింది, జవాబు ఘోరంగా తప్పినా లోలకాన్ని నిజంగా ఊపిన వాడికి.

తొంభైల చివర్లో ఒక క్రికెట్ మ్యాచి నాడు ఆయన టీవీ యాంటెన్నా సరిచేయడానికి మిద్దె ఎక్కారు. కింద టీవీ ముందు వాళ్ళమ్మ జైనబమ్మ. "ఇంకొంచెం తిప్పు నాయనా, బొమ్మ వస్తాండాది" అని ఆమె కేకేసింది. ఆయన యాంటెన్నాతో పాటు ఇంకొంచెం జరిగారు. మిద్దె అంతవరకూ లేదు. వెన్నుపాము దెబ్బతిని, నడుము కింద నుంచి ఆయనకు ఏ కబురూ రాకుండా పోయింది. ఆ "ఇంకొంచెం"ను జైనబమ్మ మాత్రం ఒక్కనాడూ మరిచిపోలేదు.

కొన్నేళ్ళకు స్టెమ్ సెల్స్ అనే మూలకణాల మాట పేపర్లలోకి వచ్చింది. బెంగళూరులో ఒక ఆసుపత్రివాళ్ళు వెన్ను దెబ్బతిన్నవాళ్ళ మీద వాటిని పరీక్షిస్తున్నారని తెలిసి వెళ్ళాం. అప్పటికి నేను అదే కాలేజీలో తాత్కాలిక లెక్చరర్ని. అంటే ఎవరికి తోడు కావాలన్నా ఖాళీగా ఉండేవాణ్ణి. అక్కడి డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. "ఇది వైద్యమని నేను చెప్పను. వైద్యం అవుతుందో లేదో చూస్తున్నాం. మీ తుంటి ఎముకలోని మజ్జ నుంచే కణాలు తీసి వెన్నులోకి ఎక్కిస్తాం. కొన్ని నెలల తర్వాత స్పర్శలో మార్పు కనిపించినవాళ్ళకే రెండో విడత."

"అంటే నా కాళ్ళకు ప్రాక్టికల్సు" అన్నారు సార్. జైనబమ్మకు మాత్రం ఒక్క మాటే చెవికెక్కింది: రెండో విడత.

మొదటి విడత ఎక్కించి ఆ నెలలు గడిచాక గుండుసూది పరీక్షకు మళ్ళీ వెళ్ళాం. మన వైపు మనుషులకు ఒక మర్యాద ఉంది. అంత చదివిన మనిషి వంగి మన కాళ్ళు పట్టుకుని అడుగుతుంటే, లేదని ఎలా అంటాం? పక్క మంచం మీది అమరాపురం రైతు, సూది ఇంకా గాల్లో ఉండగానే "తెలిసె మేడం, బాగ తెలిసె" అన్నాడు. సార్ వంతు వచ్చింది. కళ్ళకు గుడ్డ కట్టారు. జైనబమ్మ కాళ్ళ వైపు నిలబడింది.

"ఇప్పుడు తెలుస్తోందా?"

జైనబమ్మ దగ్గింది. డాక్టరమ్మ ఇంకోచోట పొడిచింది. మళ్ళీ దగ్గు. సూది తగలనప్పుడు ఆ గొంతు ఆరోగ్యంగానే ఉండేది.

"తెలుస్తాండాది మేడం" అన్నారు సార్. జైనబమ్మ ముఖం వెలిగింది. "కాళ్ళకు కాదు, చెవులకు. మాయమ్మను రవ్వంతసేపు బయట కూర్చోబెట్టి, మొదటి నుంచి చూడండి."

మొదటి నుంచి చూశారు. ప్రతి చోటా ఆయన "తెలీలేదు" అన్నారు, హాజరు పిలిచినంత మామూలుగా. రెండో విడత ఆయనకు లేదని తేలింది.

తిరుగు ప్రయాణంలో హిందూపురం దాటాం. పెనుకొండ కొండ కనబడుతుండగా జైనబమ్మ, "తెలిసిందంటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?" అంది.

"నేను తెలిసిందంటే ఆయమ్మ అదే రాసుకుంటుందమ్మా. దాన్ని నమ్మి యాడో ఇంగొకడు వెన్నులో సూది పొడిపించుకుంటాడు. రాని బొమ్మను వచ్చిందని ఎట్ల చెప్పేది?"

ఆమె కిటికీ వైపు తిరిగిపోయింది. తానన్న బొమ్మ మాట ఆమెకెక్కడ తగిలిందో సార్‌కు అప్పుడు తెలిసింది. చెయ్యి చాపి ఆమె కొంగు అంచు పట్టుకున్నారు. "నిన్ను అన్లేదమ్మా. నేనే కదా ఎక్కింది." ధర్మవరంలో బత్తలపల్లి రోడ్డులోని వాళ్ళ ఇల్లు చేరేదాకా ఆ కొంగు వదలలేదు, ఆమె లాక్కోనూ లేదు.

చాలా రోజుల తర్వాత ఒక సాయంత్రం నేను ఆయన మంచం పక్కన కూర్చుని కాలేజీ కబుర్లు చెబుతున్నాను. ఆయన మధ్యలో ఆపి, "ఒగటో రెండో పోట్లు తెలిసినాయని చెప్పింటే రెండో విడత పడుండును. దాంతో ఏమన్నా వచ్చుండునేమోనప్పా?" అన్నారు.

ఎంత గంభీరమైన చోటైనా ఒక జోకు వెతికి పట్టుకునే వాణ్ణి నేను. ఆ రోజు వెతికాను, దొరకలేదు. రాదు సార్ అంటే ఆయన నిశ్చింతగా పడుకునేవారు. వచ్చేదేమో అంటే జైనబమ్మ గెలిచేది. ఈ రెండిట్లో ఏదీ నేను కొలిచి చూసింది కాదు.

"తెలీదు సార్" అన్నాను.

ఆయన నా ముఖం చూశారు. ఇంకో మాట కోసం చూశారో, ఆ మాటకే సంతోషించారో చెప్పలేను. తర్వాత దిండు కొంచెం పైకి జరపమన్నారు, జరిపాను. సార్ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోయి, సార్ అడిగిన ఆ ప్రశ్నకు ఇంకేదైనా జవాబు ఉందేమోనని వెతుకుతాను. దొరకదు. మళ్ళీ నడుస్తాను.